సిక్కోలు తీరం నుంచి ఎం83: కడ్డీ గెలాక్సీని పట్టడం, అందులో సూపర్‌నోవాను గుర్తించడం

సంతలో కొత్త మొహాన్ని పోల్చుకోగలిగేది ఆ ఊరివాడే. సూపర్‌నోవా (పేలిపోతూ ఒక్కసారిగా వెలిగే నక్షత్రం) వేట కూడా ఇంతే. గెలాక్సీలో ఒక కొత్త చుక్క వెలిగిందని చెప్పాలంటే, పాత చుక్కలు ఏవి ఎక్కడున్నాయో ముందు కంటికి అలవాటై ఉండాలి. టెలిస్కోపు ఎంత పెద్దదన్నది ఆ తర్వాతి మాట.

అందుకే ఇక్కడ యాభై గెలాక్సీల జాబితా ఇవ్వడం లేదు. ఎం83 అనే ఒక్కదాన్ని పట్టుకుని, అది మీకు సొంత వీధిలా తెలిసేదాకా ఏం చేయాలో చెబుతాం. పక్కన పెట్టుకోదగ్గ మరో రెండింటి సంగతి చివర్లో ఉంది.

ఎం83నే ఎందుకు

ఎం83 ఆకాశంలో డిక్లినేషన్ (నేల మీది అక్షాంశం లాంటి ఆకాశపు కొలత) మైనస్ 29.9 డిగ్రీల దగ్గర ఉంటుంది. శ్రీకాకుళం అక్షాంశం 18.3. తొంభైలోంచి ఈ రెండూ తీసేస్తే దాదాపు 42 వస్తుంది. అంటే దక్షిణాన అది దిగంతం నుంచి 42 డిగ్రీల ఎత్తుకు లేస్తుంది. ఢిల్లీలో అదే 31 డిగ్రీల చిల్లర. లండన్‌లో 9 కూడా లేదు, ఇళ్ళ కప్పుల మీద పాకుతూ పోతుంది. యూరప్ వాళ్ళు రాసిన గైడ్లు చదివి 'కష్టమైన గెలాక్సీ' అనుకుని వదిలేసేవాళ్ళున్నారు. ఆ కష్టం వాళ్ళది, మనది కాదు.

దూరం సుమారు 15 మిలియన్ కాంతి సంవత్సరాలు. గెలాక్సీల లెక్కలో ఇది పొరుగే. మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ చుక్క మసక) 7.5 ప్రాంతం కాబట్టి చీకటి చోట 10×50 బైనాక్యులర్‌కే అందుతుంది. మనకు ఇంచుమించు ఎదురుగా, పళ్ళెం బోర్లించినట్టు తిరిగి ఉండటం మరో అదృష్టం. చేతులు ఒకదాని వెనక ఒకటి దాక్కోవు.

ఇక కడ్డీ సంగతి. మామూలు సర్పిల గెలాక్సీలో చేతులు నడిమి ముద్ద నుంచే మొదలవుతాయి. కడ్డీ ఉన్నవాటిలో ముద్దకు అటూ ఇటూ నక్షత్రాల పట్టీ ఒకటి సాగి ఉంటుంది, దాని కొసల దగ్గర చేతులు వంపు తిరుగుతాయి. ఎం83 కడ్డీ ఈశాన్యం నుంచి నైరుతికి ఉంటుంది. వర్గీకరణలో దీన్ని ఎస్ఏబీ అంటారు, కడ్డీ ఉందీ లేదూ అన్నట్టుండే మధ్యరకం. మన పాలపుంతకూ కడ్డీ ఉంది. కడ్డీ వెంబడి వాయువు లోపలికి జారి నడిమిలో పోగుపడుతుంది. అక్కడా, చేతుల్లోనూ బరువైన నక్షత్రాలు ఎడతెగకుండా పుడుతుంటాయి. సూర్యుడికి 8 రెట్లు మించి బరువున్న నక్షత్రం కొన్ని మిలియన్ల నుంచి కొన్ని పదుల మిలియన్ల ఏళ్ళలోనే ఇంధనం అయిపోయి కూలి పేలుతుంది. పుట్టిన చోటు విడిచి దూరం పోయే వ్యవధి దానికి ఉండదు. అందుకే పేలుళ్ళు ఎక్కువగా చేతుల్లోనే కనిపిస్తాయి. (అరసవల్లిలో కొలువున్న దేవుడికి ఆ గండం లేదు, అంత బరువు లేడు.)

ఎం83లో ఇప్పటిదాకా నమోదైన సూపర్‌నోవాలు ఆరు: 1923ఏ, 1945బీ, 1950బీ, 1957డీ, 1968ఎల్, 1983ఎన్. వీటిలో 1945బీ అప్పట్లో ఎవరికీ కనబడలేదు, దశాబ్దాల తర్వాత పాత ఫొటో ప్లేట్లు తిరగేస్తుంటే బయటపడింది. 1968ఎల్‌ను దక్షిణాఫ్రికా ఔత్సాహికుడు జాక్ బెన్నెట్ తోకచుక్కల కోసం వెతుకుతూ 5 అంగుళాల టెలిస్కోపులో కంటితోనే పట్టాడు. 1983ఎన్‌ను ఆస్ట్రేలియాకు చెందిన రాబర్ట్ ఎవాన్స్ జూలై 3న చూశాడు. చర్చిలో పాస్టరుగా పనిచేసిన ఎవాన్స్ వందల గెలాక్సీల చుట్టూ ఉన్న చుక్కల అమరికను చార్టు చూడకుండా గుర్తుపెట్టుకునేవాడు. కంటి చూపుతోనే నలభైకి పైగా సూపర్‌నోవాలు కనిపెట్టాడు. సంతలో కొత్త మొహం అని మొదట అన్నది ఇందుకే.

1983 జూలై తర్వాత నాలుగు దశాబ్దాలు గడిచినా ఎం83లో మరొకటి బయటపడలేదు. అరవై ఏళ్ళలో ఆరు చూపించిన గెలాక్సీ ఇది. ఇక 'రావాల్సి ఉంది' అని మాత్రం అనకండి, పేలుళ్ళకు వరస ఉండదు. కానీ వస్తే చిన్న టెలిస్కోపుకు కూడా అందుతుంది. ఆ దూరంలో ఐఏ రకం (తెల్ల మరుగుజ్జు నక్షత్రం పేలితే వచ్చేది) సూపర్‌నోవా ఉచ్ఛస్థితిలో 9వ మాగ్నిట్యూడ్‌కు దగ్గరగా వెలుగుతుంది, రెండో రకంలో (బరువైన నక్షత్రం కూలి పేలేది) మామూలుది 11 దాటి. మధ్యలో ధూళి అడ్డుపడితే ఇంకా తగ్గుతుంది.

ఎప్పుడు

మార్చి నడిమిలో రాత్రి 2 గంటలకు, ఏప్రిల్ నడిమిలో అర్ధరాత్రికి, మే నడిమిలో 10 గంటలకు, జూన్ మొదట్లో 9కి కాస్త ముందు ఎం83 దక్షిణాన అన్నిటికంటే ఎత్తులో ఉంటుంది. ఆ వేళకు గంటన్నర ముందూ గంటన్నర వెనకా పనికొచ్చే సమయం. జనవరి నుంచి తెల్లవారుజామున కూడా దొరుకుతుంది. సెప్టెంబరు వచ్చేసరికి సంధ్యవెలుగులో కలిసిపోతుంది. అక్టోబరు నడిమిలో సూర్యుడు ఆ దిక్కునే ఉంటాడు.

చంద్రుడి కోసం యాప్ అక్కర్లేదు, గోడ మీది పంచాంగం చాలు. బహుళ ఏకాదశి నుంచి శుద్ధ తదియ దాకా పెట్టుకోండి. ఏకాదశి నాడు చంద్రుడు తెల్లవారుజామున గాని రాడు. తదియ నాడు పొద్దుగూకాక రెండు గంటల్లో దిగిపోతాడు.

ఏప్రిల్, మేలలో సాయంత్రం ఈదురుగాలీ ఉరుములూ వచ్చి నాలుగు చినుకులు పడితే విసుక్కోకండి. గాలిలో దుమ్ము కడిగేసి మబ్బు విడిపోతే ఆ రాత్రి ఆకాశం మామూలు కంటే బాగుంటుంది. వానాకాలం రాగానే సామాను అటక మీద పెట్టేయడం మాత్రం పొరపాటు. 1968ఎల్, 1983ఎన్ రెండూ జూలైలోనే దొరికాయి. జూలై మొదట్లో చీకటి పడేసరికే ఎం83 ఎత్తు దాటి పడమరకు వాలుతూ ఉంటుంది. మబ్బుల మధ్య అరగంట సందు దొరికినా ఒక చూపు చూడొచ్చు.

ఎక్కడ నిలబడాలి

మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. కాబట్టి తీరం మీద నిలబడితే తూర్పే కాదు, దక్షిణం కూడా సముద్రమే. ఎం83 ఉండేది ఆ చీకటి వైపే. శ్రీకాకుళం వాళ్ళకు కళింగపట్నం వైపు, ఉద్దానం వాళ్ళకు బారువ వైపు దగ్గర. విజయనగరం ఊళ్ళోంచి చూస్తే దక్షిణాన విశాఖపట్నం వెలుగు ఎగదన్నుతుంది, అది సరిగ్గా మనకు కావలసిన దిక్కు. పూసపాటిరేగ మండలంలోని చింతపల్లి తీరానికి వెళ్తే ఆ వెలుగు నైరుతికి జరుగుతుంది.

కళింగపట్నం, బారువ రెండు చోట్లా లైట్‌హౌస్ ఉంది. దాని కాంతి తిరిగి వచ్చిన ప్రతిసారీ కంటికి అలవాటైన చీకటి చెదురుతుంది. సరుగుడు తోపును అడ్డం పెట్టుకుని నిలబడండి. చెట్లు ఆకాశాన్ని మూసేస్తాయేమోనని భయం అక్కర్లేదు. 10 మీటర్ల చెట్టుకు 20 మీటర్ల దూరంలో నిలబడితే అది 27 డిగ్రీల ఎత్తు వరకే అడ్డం వస్తుంది, ఎం83 ఇంకా పైన ఉంటుంది. పైగా సముద్రపు గాలి టెలిస్కోపును ఊపకుండా తోపు కాపాడుతుంది. రొయ్యల చెరువుల గట్ల మీద దీపాలు వెలుగుతుంటే ఆ పక్కకు పోవద్దు.

ఇంకో మాట. అర్ధరాత్రి తీరంలో గొట్టం లాంటిది బిగించి ఎర్రదీపంతో తిరిగే మనుషుల్ని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. పొద్దుండగానే వెళ్ళి ఆ ఊరి పెద్దలకు విషయం చెప్పి, ముందుగా పిల్లలకు చంద్రుణ్నో గురుణ్నో చూపించండి. తర్వాత మీ సామానుకు వాళ్ళే కాపలా.

పట్టుకెళ్ళే సామాను, అది పాడయ్యే తీరు

కంటితో చూడటానికి 8 అంగుళాల డాబ్సోనియన్ (నేల మీద పెట్టి చేత్తో తిప్పే అద్దాల టెలిస్కోపు) మంచి మధ్యస్థం. ఫోకల్ లెంగ్త్ 1200 మి.మీ. అయితే 25 మి.మీ. ఐపీసుతో (కన్ను పెట్టి చూసే కటకం) 48 రెట్లు, 10 మి.మీ. ఐపీసుతో 120 రెట్లు. మొదటిది వెతకడానికి, రెండోది పరీక్షించడానికి. నిజంగా చీకటి ఉన్న రాత్రి ఇందులో 13.5 మాగ్నిట్యూడ్ దాకా చుక్కలు అందుతాయి. తేమ ఎక్కువున్న రాత్రి అర మాగ్నిట్యూడ్ తగ్గించి లెక్కేసుకోండి. ఫొటోలకైతే సీస్టార్ ఎస్50 లాంటి చిన్న స్మార్ట్ టెలిస్కోపు చాలు. దాని లెన్సు 50 మి.మీ.లే గాని, ఎక్కువసేపు వెలుగు పోగుచేస్తుంది కాబట్టి 8 అంగుళాల్లో కంటికి అందని చుక్కలు కూడా అందులో పడతాయి.

మన తీరంలో అసలు శత్రువు తేమ. పది దాటాక సెకండరీ అద్దం (గొట్టం మూతి దగ్గరి చిన్నది), ఫైండర్ (గురి చూసే చిన్న దుర్భిణి), ఐపీసు వరసగా మసకబారతాయి. 'గెలాక్సీ కనబడటం లేదు, మబ్బేమో' అనుకుంటూ గంట గడిపేస్తారు. కనబడనప్పుడు మొదట ఫైండర్ లెన్సు మీదికి ఎర్రదీపం వేసి చూడండి. మసక ఉంటే తువ్వాలుతో తుడవొద్దు. గాలిలో ఉప్పు ఉంటుంది, సన్నటి ఇసుక ఉంటుంది, ఒక్క తుడుపుతో గీతలు పడతాయి. నల్ల ఫోమ్ షీటును గొట్టంలా చుట్టి టెలిస్కోపు మూతికి తొడగండి. మూతి వెడల్పుకు ఒకటిన్నర రెట్లు పొడవుండాలి. వాడని ఐపీసు జేబులో వెచ్చగా ఉండాలి, బల్ల మీద కాదు.

ఇసుక మీద ముందు టార్పాలిన్ పరచాలి. డాబ్సోనియన్ అడుగు పళ్ళెంలో ఇసుక రేణువులు చేరితే తిప్పినప్పుడు కరకరమంటూ ఎగిరెగిరి కదులుతుంది, చుక్కను మధ్యలో నిలపలేరు. ట్రైపాడ్ కాళ్ళు సాగదీయకుండా పొట్టిగా పెట్టి, మధ్యలో గోనెసంచిలో ఇసుక నింపి వేలాడదీయండి, గాలికి కదలదు. ఇంట్లోంచి తెచ్చిన అద్దం బయటి గాలికి చల్లబడటానికి ముప్పావు గంట పడుతుంది. గతుకుల రోడ్డు మీద వచ్చాక అద్దాల అమరిక ఒకసారి సరిచూసుకోవాలి. సెల్‌ఫోన్ తెరకూ టార్చికీ ఎర్ర సెల్లోఫేన్ రెండు పొరలు.

పట్టడం

సప్తర్షుల తోక వంపును పొడిగిస్తే స్వాతి, ఇంకా పొడిగిస్తే చిత్త. దక్షిణానికి మొహం పెట్టి నిలబడితే చిత్తకు కుడివైపున నాలుగు చుక్కల చతుర్భుజం హస్త. చిత్త నుంచి తిన్నగా కిందికి రండి. చాచిన చేతి పిడికిలి 10 డిగ్రీలు. పిడికిలి మీద మరో రెండు డిగ్రీలు దిగితే మూడో మాగ్నిట్యూడ్ చుక్క ఒకటి, గామా హైడ్రే. దానికి ఎడమగా, కొంచెం దిగువన, 11 డిగ్రీల దూరంలో దాదాపు అంతే వెలుగున్న పై హైడ్రే. ఈ రెంటినీ పై కొసలుగా పెట్టి, మొన కిందికి ఉండేలా ఒక త్రిభుజం ఊహించండి. రెండు పక్కలూ ఏడెనిమిది డిగ్రీలుండాలి. ఆ మొన దగ్గరే ఎం83.

అక్కడ దొరక్కపోతే కింది నుంచి రండి. సెంటారస్ మండలంలో నాలుగో మాగ్నిట్యూడ్ చుక్కలు నాలుగు ఒక గుంపుగా ఉంటాయి. చార్టుల్లో 1, 2, 3, 4 సెంటారీ అని రాసి ఉంటుంది. బైనాక్యులర్‌లో ఆ గుంపును ఎడమ దిగువ అంచున పెడితే కుడి ఎగువన, నాలుగు డిగ్రీల దూరంలో, మసక మరక పడుతుంది.

రాత్రి పనికొస్తుందో లేదో తేల్చడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. ఎం83కి ఇంచుమించు నిట్టనిలువుగా 18 డిగ్రీల కింద ఒమేగా సెంటారీ అనే నక్షత్ర గుచ్ఛం ఉంది. అది మన తీరంలో 24 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. అది ఉత్త కంటికి మసక చుక్కలా కనిపిస్తే ఆ రాత్రి పని జరుగుతుంది. కనిపించకపోతే ఐపీసులు మార్చి ప్రయోజనం లేదు, చుట్టుపక్కల గురుతులు నేర్చుకుని ఇంటికి రండి.

ఐపీసులో ఏం కనబడుతుందో ముందే తెలియాలి. ఫొటోల్లోని గులాబీ చుక్కల సర్పిలం కోసం వెతికితే దాని మీదుగానే దాటిపోతారు. కంటికి కనబడేది, వాకిట్లో ముగ్గును చేత్తో తుడిచేస్తే మిగిలే తెల్లటి మరక లాంటిది, మధ్యలో కాస్త చిక్కగా. తిన్నగా చూడకుండా పక్కకు చూస్తూ గమనించండి, గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టండి. కదిలే మసక కంటికి తొందరగా తగులుతుంది. ఐదు నిమిషాలు అలా ఉంటే నడిమి ముద్ద గుండ్రంగా కాక ఒక వైపుకు సాగినట్టు తోస్తుంది. అదే కడ్డీ. ఏది పడమరో తేల్చడానికి టెలిస్కోపును కదపకుండా వదిలేయండి, చుక్కలు జారిపోయే వైపే పడమర. డాబ్సోనియన్‌లో బొమ్మ తలకిందులుగా ఉంటుందని మరవకండి. ఈ ఒక్కటీ మరిచి చార్టును నిటారుగా పట్టుకుని 'కొత్త చుక్క' అని కేక పెట్టినవాళ్ళు తక్కువేం లేరు.

మొహం నేర్చుకోవడం

ఇది ఈ మార్గదర్శిలో అన్నిటికంటే విసుగు పుట్టించే భాగం, అన్నిటికంటే అవసరమైనదీ. తెల్ల కాగితం మీద అరచేయంత వృత్తం గీసి 120 రెట్ల దగ్గర కనిపించే ప్రతి చుక్కా పెట్టండి. ముందు గెలాక్సీ మీద పడ్డవి, తర్వాత దాని చుట్టూ ఉన్నవి. ఆ చుక్కలన్నీ మన పాలపుంతవే, అద్దం మీద పడ్డ చినుకుల్లా గెలాక్సీకి అడ్డంగా కనిపిస్తాయంతే. మూడు వేర్వేరు రాత్రులు, పాత బొమ్మ చూడకుండా గీయాలి. మూడింటిలోనూ ఉన్నవి నిజమైన చుక్కలు. ఒక్కదాంట్లోనే ఉన్నది కంటి భ్రమ, లేదా చేయి జారడం.

ఫొటో పద్ధతిలో 10 సెకన్ల ఫ్రేములు 180 తీస్తే అరగంట. సీస్టార్‌లో ఒక్క పిక్సెల్ సుమారు 2.4 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో అరవయ్యో వంతు ఆర్క్‌నిమిషం, అందులో అరవయ్యో వంతు ఆర్క్‌సెకను). ఎం83 వెడల్పు దాదాపు 13 ఆర్క్‌నిమిషాలు, అంటే తెర మీద 320 పిక్సెళ్ళు. చేతులు విడివిడిగా తెలియడానికి అది చాలు. నడిమి ముద్దకు ఆనుకుని పేలినదాన్ని విడదీయడానికి చాలదు. ఇక్కడ మూడు తప్పులు దాదాపు అందరూ చేస్తారు. యాప్ అందంగా చేసి ఇచ్చిన జేపీజీ ఒక్కటే దాచుకుని, ముడి కొలతలుండే ఫిట్స్ ఫైలు చెరిపేయడం ఒకటి. డీనాయిజ్ బటన్ నొక్కడం రెండోది, అది సన్నచుక్కల్ని మింగేస్తుంది, లేనివాటిని మొలిపిస్తుంది కూడా. మూడోది వెలుగు మరీ సాగదీయడం. నడిమి అంతా తెల్లగా మాడిపోతుంది, అక్కడే సూపర్‌నోవా ఉన్నా తెలియదు. ప్రతి రాత్రీ ఫొటోను రెండు రకాలుగా చూడండి: చేతుల కోసం సాగదీసి, నడిమి కోసం అణిచి.

మబ్బు లేని మంచి రాత్రి తీసినదాన్ని ఆధార చిత్రంగా విడిగా దాచండి. ఇకపై ప్రతి చిత్రాన్నీ దానితోనే పోల్చాలి. సిరిల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండింటినీ చుక్కకు చుక్క కలిసేలా పేర్చి, ఫోన్‌లో ఒకదాని తర్వాత ఒకటి టకటకా మార్చి చూడండి. కొత్తది ఉంటే కన్ను కొట్టినట్టు మెరుస్తుంది.

అనుమానం వచ్చినప్పుడు

కొత్త చుక్క కనబడితే మొదటి పని ఎవరికీ చెప్పకపోవడం. రెండో పని, ముప్పావుగంట ఆగి మళ్ళీ తీయడం.

చుక్క జరిగితే అది గ్రహశకలం. కుజుడికీ గురుడికీ నడిమి పట్టీలోని శకలాలు మనకు ఎదురుగా ఉన్న రోజుల్లో గంటకు అర ఆర్క్‌నిమిషం చొప్పున జరుగుతాయి. సీస్టార్ తెర మీద అది పన్నెండు పిక్సెళ్ళు, కళ్ళకు తెలిసిపోతుంది. జరగలేదని తోచినా, గ్రహశకలాల లెక్కలు ఉంచే మైనర్ ప్లానెట్ సెంటర్ వెబ్‌సైటులోని ఎంపీచెకర్‌లో ఆ వేళా, ఆ చోటూ ఇచ్చి చూడండి.

చుక్క ఒకే పిక్సెల్‌లో సూదిమొనలా ఉంటే అది సెన్సర్ మచ్చ. నిజమైన చుక్క పక్క పిక్సెళ్ళలోకి కొంచెం ఒరుగుతుంది. చుట్టుపక్కల చుక్కల కంటే ఉబ్బుగా ఉంటే ఎం83 చేతుల్లోని వాయు మేఘం కావచ్చు. ఈ గెలాక్సీలో అలాంటి గులాబీ ముద్దలు బోలెడు. మంచు పడ్డ రాత్రి సరిగా ఫోకస్ కాని ఫొటోలో ఒకటి, మంచి రాత్రి మరొకటి చూస్తే ముద్ద కాస్తా చుక్కయినట్టుంటుంది. చాలా తప్పుడు కేకలకు ఇదే మూలం.

తర్వాత ఆలాడిన్ అనే ఆకాశ పటం సాఫ్ట్‌వేర్‌లో డీఎస్ఎస్ (పాత ఫొటో ప్లేట్ల ఆకాశ సర్వే) చిత్రం తెరవండి. నీలం ప్లేటూ ఎరుపు ప్లేటూ రెండూ చూడాలి. ఎర్రటి నక్షత్రం నీలం ప్లేటులో దాదాపు కనబడదు. అదొక్కటే చూస్తే మీ చుక్క కొత్తదని నమ్మేస్తారు. చివరగా, కొత్తగా వెలిగినవాటిని నమోదు చేసే ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్ వెబ్‌సైటులో ఆ చోట ఇప్పటికే ఏమైనా నమోదైందేమో వెతకండి. ఆకాశాన్ని రోజూ జల్లెడ పట్టే ఆటోమేటిక్ సర్వేలు ఇప్పుడు చాలా ఉన్నాయి, మీకంటే ముందే చూసి ఉండటానికే అవకాశం ఎక్కువ. అలాగని ఔత్సాహికుల పని అయిపోలేదు. 2023 మే 19న ఎం101 గెలాక్సీలో ఎస్ఎన్ 2023ఐఎక్స్ఎఫ్‌ను మొదట పట్టింది జపాన్ ఔత్సాహికుడు కోయిచి ఇతగాకి.

కొలవడం, తెలియజేయడం

వెలుగు అంచనాకు రెండు తోడు చుక్కలు కావాలి, ఒకటి దానికంటే వెలుగైనది, ఒకటి మసకైనది. వాటి మాగ్నిట్యూడ్‌లు ఏఏవీఎస్ఓ (వెలుగు మారే నక్షత్రాల పరిశీలకుల సంఘం) చార్టుల్లో దొరుకుతాయి. ఉదాహరణకు ఒకటి 12.4, రెండోది 13.0. కొత్త చుక్క వెలుగు మొదటిదాని నుంచి రెండోదానికి మూడో వంతు దూరంలో ఉన్నట్టు తోస్తే 12.6 అని రాయండి. ఇంతకు మించిన నాజూకు కంటి చూపులో రాదు, రాబట్టామనుకోవడం ఆత్మవంచన.

సమయం యూనివర్సల్ టైమ్‌లో రాయాలి. మన గడియారంలోంచి అయిదున్నర గంటలు తీసేయాలి. ఇక్కడ తేదీ దగ్గర బోల్తా పడతారు: ఏప్రిల్ 15 రాత్రి 1.20 అంటే యూనివర్సల్ టైమ్‌లో ఏప్రిల్ 14, 19.50. తేదీ మార్చడం మరిచిపోతే మీ పరిశీలన ఒక రోజు తప్పుతుంది, పేలిన మొదటి వారంలో ఆ ఒక్క రోజే విలువైనది.

ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్‌లో ఖాతా తెరిచి చోటు, సమయం, మాగ్నిట్యూడ్, ఫిల్టర్ ఇస్తే ముందు ఏటీ అనే గుర్తుతో పేరు వస్తుంది. వర్ణపటం తీసి నిజమైన సూపర్‌నోవా అని తేలాక ఏటీ పోయి ఎస్ఎన్ అవుతుంది. ఏడాదిలో మొదటి ఇరవైయారింటికి ఏ నుంచి జెడ్ దాకా పెద్దక్షరాలు, ఆపైన చిన్నక్షరాలు రెండేసి, తర్వాత మూడేసి. వర్ణపటం మన చేతి పని కాదు. దేశంలో అయితే లద్దాఖ్‌లోని హాన్లేలో ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు లాంటివాటి పని.

అదే ఫారంలో ఇంకో గడి ఉంటుంది: చివరిసారి ఆ చోట ఏమీ కనబడని తేదీ, ఆ రోజు మీకు అందిన అతి మసక మాగ్నిట్యూడ్. పేలుడు ఏ రోజు మొదలైందో తేల్చడానికి శాస్త్రవేత్తలకు ఈ రెండూ కావాలి. కాబట్టి ఏమీ దొరకని రాత్రులు వృథా కాదు. 'మే 9, 16.10 యూటీ, కొత్తదేమీ లేదు, 13.3 వరకు' అని ఒక్క వరుస నోటుపుస్తకంలో రాసి పెడితే చాలు. ఏళ్ళ తరబడి ఆ వరుసలున్న పుస్తకం ఒక ఆవిష్కరణకు తక్కువదేం కాదని మా అభిప్రాయం.

సూపర్‌నోవా ఇప్పటికే ఎవరో ప్రకటించినా మీ పని మిగిలే ఉంది. మూడు రోజులకోసారి వెలుగు అంచనా వేయండి. ఐఏ రకం మూడు వారాల లోపే ఉచ్ఛానికి చేరి తర్వాత తగ్గుముఖం పడుతుంది. రెండో రకంలో పీ తరగతిది ఉచ్ఛం తర్వాత దాదాపు వంద రోజులు ఒకే మట్టంలో ఉండి ఒక్కసారిగా పడిపోతుంది. తోడు చుక్కల్ని మధ్యలో మార్చకండి, మారిస్తే గ్రాఫులో లేని మెట్టు ఒకటి పుడుతుంది.

మరో రెండు

ఎం61 కన్యారాశిలో ఉంది, మన దగ్గర 76 డిగ్రీల ఎత్తుకు, దాదాపు నడినెత్తికి వస్తుంది. 16 వర్జినిస్, 17 వర్జినిస్ అనే చుక్కల నడుమ వెతకండి. దూరం 50 మిలియన్ కాంతి సంవత్సరాలకు పైనే. ఇందులో 1926 నుంచి 2020 దాకా ఎనిమిది సూపర్‌నోవాలు కనిపించాయి. చివరిది 2020జేఎఫ్ఓ, ఉచ్ఛంలో కూడా 14 దాటే ఉంది, అంటే 8 అంగుళాల్లో కంటికి అందదు, కెమెరా కావాలి. క్రాంతివృత్తానికి (ఆకాశంలో సూర్యుడు నడిచే దారి) దగ్గర కాబట్టి గ్రహశకలాల బెడద ఇక్కడ ఎం83 కంటే ఎక్కువ. ముప్పావుగంట ఆగే నియమం ఇక్కడ అసలు తప్పొద్దు.

కడ్డీని కళ్ళారా చూడాలంటే మాత్రం ఎన్‌జీసీ 1365. ఫోర్నాక్స్ మండలంలో కై ఫోర్నాసిస్ చుక్కల గుంపుకు తూర్పున ఒకటిన్నర డిగ్రీ లోపే ఉంటుంది. కడ్డీ పొడవుగా, తిన్నగా, రెండు కొసల్లోనూ చేతులు కొడవలి వంపు తిరిగి ఉంటాయి. 1957సీ, 1983వీ, 2001డీయూ, 2012ఎఫ్ఆర్ ఇందులోవే. 2012ఎఫ్ఆర్ ఐఏ రకం, 12వ మాగ్నిట్యూడ్ దాకా వెలిగింది. సంక్రాంతి రోజుల్లో రాత్రి 8 గంటలకు ఇది దక్షిణాన 36 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. భోగి నాడు మాత్రం సామాను తీయొద్దు. మంటల పొగ మర్నాటి రాత్రి దాకా ఊళ్ళ మీద పరుచుకునే ఉంటుంది. కనుమ దాటాక, ఆ వారంలో చంద్రుడు లేని వేళ చూసుకుని వెళ్ళండి.